పాట, వేలంపాట, వేలంవెర్రి



వేలంలో ధర చెప్పడాన్ని మన తెలుగువారు 'పాట పాడటం' అంటారు. చెరువులో చేపల వేలమైనా, మామిడితోట కాపు వేలమైనా, కోత పండుగనాడు గుడి ఆవరణలో అర్పణగా వచ్చిన గుమ్మడికాయ వేలమైనా 'పాట ఎంతదాకా వచ్చింది?' అని అడుగుతాము. 'ఫలానా ఆయన పాడుకున్నాడు' అని చెప్పుకుంటాము. గొంతెత్తి పాడే పాటకూ, డబ్బు పెట్టి పాడే పాటకూ మనకు ఒకటే మాట. ఆ వేలం నుండే మరొక మాట కూడా పుట్టింది. ఒకరిని చూసి ఒకరు ఎగబడటాన్ని 'వేలంవెర్రి' అంటాము. పాట, వేలంపాట, వేలంవెర్రి అనే ఈ మూడు మాటలూ ఒకచోట కలిసిన సంఘటనను గురించి ఈ వారం ఆలోచిద్దాము.

2023 సెప్టెంబరులో లండను నగరంలో సోదబీస్ అనే వేలం సంస్థ ఒక గాయకుని ఇంటి సామాను అమ్మింది. ఆయన పేరు ఫ్రెడ్డీ మెర్క్యురీ. 'క్వీన్' అనే ఇంగ్లండు రాక్ సంగీత బృందానికి ప్రధాన గాయకుడు. పేరు చూసి పూర్తిగా పరాయివాడని అనుకోనక్కరలేదు. 1946లో జాంజిబారులో ఒక పార్సీ కుటుంబంలో పుట్టి, మన దేశంలోనే, మహారాష్ట్రలోని పంచగనిలో సెయింట్ పీటర్స్ పాఠశాలలో చదువుకున్నవాడు. 1991 నవంబరు 24న, 45వ ఏట, ఎయిడ్స్ వ్యాధి కారణంగా మరణించాడు. తన ఇంటినీ, ఇంట్లోని వస్తువులనూ చిరకాల స్నేహితురాలు మేరీ ఆస్టిన్‌కు వదిలి వెళ్లాడు. ఆమె వాటిని 30 ఏళ్లకు పైగా ఉన్నవి ఉన్నట్టుగా కాపాడింది. చివరకు తన వ్యవహారాలు చక్కబెట్టుకోవలసిన వయసు వచ్చిందని చెప్పి అమ్మకానికి పెట్టింది.

అమ్మకానికి ముందు నెల రోజులపాటు ఆ వస్తువులను ఉచితంగా ప్రదర్శించారు. 1,40,000 మంది వచ్చి చూసిపోయారు. తరువాత వేలం మొదలైంది. కొంత భాగం హాలులో, కొంత భాగం ఆన్‌లైన్‌లో జరిగింది. దాదాపు 1,400 వస్తువులు దాదాపు 4 కోట్ల పౌండ్లకు అమ్ముడుపోయాయి. ఆయన పాటలు కట్టిన పియానో 17 లక్షల పౌండ్లు దాటింది. మీసాలు దువ్వుకునే చిన్న వెండి దువ్వెనకు 400 నుండి 600 పౌండ్లు వస్తాయని సంస్థవారు అంచనా వేస్తే, అది 1,52,400 పౌండ్లు పలికింది. మన రూపాయలలో కోటిన్నరకు పైమాట. దువ్వెనలు అమ్ముకుని బతికేవారు ఎన్ని తరాలు అమ్మితే ఆ సొమ్ము చేతికి వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

వాటిలో ఒక వస్తువు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. అది ఆ ఇంటి తోటగోడకు ఉన్న తలుపు. గాయకుడు మరణించిన నాటి నుండి ప్రపంచం నలుమూలల అభిమానులు అక్కడికి వచ్చి, తమ ప్రేమనూ దుఃఖాన్నీ ఆ తలుపుమీద రాసిపోయేవారు. 15,000 నుండి 25,000 పౌండ్లు పలుకుతుందనుకున్న ఆ తలుపు 4,12,750 పౌండ్లకు, అనగా 4 కోట్ల రూపాయలకు పైగా అమ్ముడుపోయింది. ఆ తలుపుమీద గాయకుని చేతిరాత లేదు. ఉన్నదంతా అభిమానుల రాతే. అభిమానుల ప్రేమకే వెల కట్టి అమ్మినట్టు కాదా ఇది?

ఒక కుర్రవాని ప్రశ్న

మా విచారణ గాయక బృందంలో గిటారు వాయించే ఒక కుర్రవాడు ఇలాంటి వార్తలను ఫోనులో చదువుతుంటాడు. ఒకనాడు నాతో ఇలా అన్నాడు: "ఫాదర్, వాళ్ల దగ్గర డబ్బుంది. మా దగ్గర ప్రేముంది. కానీ వస్తువు మాత్రం డబ్బున్నవాళ్లకే పోతుంది. ఒక్క పాట కూడా సరిగా వినని వాడు కొనుక్కెళ్లి బీరువాలో పెట్టుకుంటాడు. పదిహేనేళ్లుగా వింటున్నవాడికి ఒక బొత్తాం కూడా దొరకదు. ఇది అన్యాయం కాదా?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. ఇందులో నిజమైన బాధ ఉంది. మన భాషలో 'అభిమానం' అంటే ప్రేమ అనీ, ఆత్మగౌరవం అనీ రెండు అర్థాలు. వేలంపాట ముగిసినప్పుడు అభిమానికి దెబ్బ తగిలేది ఈ రెండవ అభిమానానికే. 'నా ప్రేమ ఏ లెక్కలోకీ రాలేదే' అని అతడు కుమిలిపోతాడు. అతనికి జవాబు చెప్పాలంటే ముందు రెండు విషయాలను విడదీసి చూడాలి. ధర అంటే ఏమిటి? ఆ వస్తువులో నిజంగా ఉన్నదేమిటి?

ధర ఎవరి సంగతి చెబుతుంది?

వేలంలో ధర ఎలా పెరుగుతుందో గమనించండి. ఎంత కోటీశ్వరుడైనా ఒక్కడే పాడితే పాట పెరగదు. రెండవవాడు ఉండాలి. రెండవవాడు ఎక్కడ ఆగిపోతాడో దానికి ఒక్క మెట్టు పైన పాట నిలుస్తుంది. 'ఒకటోసారి, రెండోసారి, మూడోసారి' అని సుత్తి కొట్టిన తరువాత, వేలం సంస్థకు కొన్నవాడు చెల్లించే రుసుము కూడా కలుపుకొని పత్రికలలో అచ్చయ్యే అంకె తయారవుతుంది. అనగా ఆ అంకె చెప్పేది ఇద్దరి సంగతే. ఆ రోజున, ఆ గంటలో, ఇద్దరు మనుషుల కోరికా, వారి స్తోమతూ ఎంతవరకు ఉన్నాయో అది చెబుతుంది. ఆ గాయకుని ప్రేమించిన లక్షలమంది సంగతి అందులో లేదు. వారి ప్రేమను అది తూచలేదు, కనుక వారి ప్రేమ తక్కువని అది తీర్పు చెప్పనూ లేదు.

మన కోత పండుగ వేలాన్నే చూడండి. సంతలో యాభై రూపాయలకు దొరికే కొబ్బరికాయను ఒకాయన వెయ్యికి పాడుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ కొబ్బరికాయ విలువ వెయ్యి అని ఎవరూ అనుకోరు. గుడికి ఇవ్వదలచిన వెయ్యిని ఆయన కొబ్బరికాయ పేరు మీద ఇచ్చాడని అందరికీ తెలుసు. ఆ పక్కనే తన కోడిపెట్ట పెట్టిన నాలుగు గుడ్లు తెచ్చి అర్పించిన ముసలమ్మ ఉంటుంది. ఆమె ఏ పాటా పాడలేదు. అంతమాత్రాన ఆమె భక్తి తక్కువని ఏ విచారణలోనైనా ఎవరైనా అన్నారా?

పునీత అక్వినాసు తోమాసుగారు క్రయవిక్రయాల న్యాయం గురించి చెబుతూ ఒక సూక్ష్మమైన మాట చెప్పారు. ఒక వస్తువును వదులుకోవడం వల్ల అమ్మేవానికి ప్రత్యేకమైన నష్టం కలిగితే, ఆ నష్టాన్ని ధరలో కలుపుకోవచ్చు. కాని కొనేవానికి దాని అవసరం ఎక్కువగా ఉంది కదా అని ధర పెంచకూడదు. ఎందుకంటే ఆ అవసరం కొనేవానిదే. అమ్మేవానిది కాని దానిని అమ్మేవాడు అమ్ముకోరాదు. లండను వేలంలో మోసమేమీ జరగలేదు. ధరను పెంచినది కొనేవారే, బలవంతమేమీ లేదు. అమ్మినామె సొమ్ములో కొంత భాగాన్ని ఎయిడ్స్ రోగుల సేవకు పాటుపడే సంస్థలకు ఇచ్చింది కూడా. ఐనా తోమాసుగారి మాటను మనము మరచిపోకూడదు. అభిమానుల ఆరాటం అభిమానులదే. అది ఏ వేలం సంస్థ సొత్తూ కాదు.

వస్తువులో ఉన్నదేమిటి?

చెప్పుల జత రెండు విధాలుగా ఉపయోగపడుతుందని అరిస్టాటిల్ ఏనాడో రాశాడు. తొడుక్కోవడం ఒకటి, మార్చుకోవడం ఇంకొకటి. చెప్పు పుట్టింది మాత్రం తొడుక్కోవడానికే. అదే విధంగా గిటారు పుట్టింది వాయించడానికి. స్వెటర్ పుట్టింది చలి ఆపడానికి.

అమెరికాలో 'నిర్వాణ' అనే బృందానికి గాయకుడు కర్ట్ కొబేన్. 1993 నవంబరులో ఒక టెలివిజన్ కార్యక్రమంలో పాడేటప్పుడు ఆయన తొడుక్కున్న ఆకుపచ్చని పాత స్వెటర్ 2019లో 3,34,000 డాలర్లు పలికింది. దానిమీద సిగరెట్టు కాలిన చిల్లు ఉంది, మరకలు ఉన్నాయి. నాటి నుండి దానిని ఉతకలేదని వేలం సంస్థ గొప్పగా చెప్పుకుంది. మన ఇళ్లలో ఉతకని బట్టకు విలువ తగ్గుతుంది. అక్కడ పెరిగింది! జార్జ్ న్యూమన్, పాల్ బ్లూమ్ మొదలైన మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఇదే విషయాన్ని పరీక్షించారు. తమకు ఇష్టమైన ప్రముఖుడు తొడుక్కున్న స్వెటర్‌ను పూర్తిగా శుభ్రపరచి ఇస్తామంటే, దానిని కొనాలనే కోరిక జనంలో తగ్గిందని తేల్చారు. మనిషి స్పర్శ ఏదో ఆ బట్టలో మిగిలి ఉందని, ఉతికితే అది పోతుందని మన మనసు నమ్ముతుందన్నమాట.

రేపు ఎవరైనా వచ్చి 'ఇది ఆయన తొడుక్కున్న స్వెటర్ కాదు, అచ్చం అలాంటిదే మరొకటి' అని రుజువు చేశారనుకోండి. ఒక్క నూలుపోగు కూడా మారదు. కాని ధర నేలకూలుతుంది. కనుక ఆ ధర నూలులో లేదు. ఒక మనిషితో ఆ వస్తువుకు ఉన్న సంబంధంలో ఉంది. సంబంధం కంటికి కనిపించదు, అంతమాత్రాన అది శూన్యం కాదు. చనిపోయిన నాన్నగారి కళ్లజోడును మీరు పారవేయగలరా? అమ్మమ్మ వేళ్లతో అరిగిపోయిన జపమాల పూసలకూ, నిన్న పుణ్యక్షేత్రంలో కొన్న జపమాల పూసలకూ తేడా లేదనగలరా? 

కాబట్టి అభిమానులను చూసి 'వెర్రివాళ్లు' అని నవ్వడం తేలిక. కాని బిడ్డ మొదటి బూట్లను ట్రంకుపెట్టెలో దాచుకున్న తల్లి ఉన్న ఏ ఇంటికీ ఆ నవ్వు నవ్వే అర్హత లేదు.

అవశేషాల పాఠం

నిజానికి కతోలికులమైన మనకు ఈ సంగతి కొత్తది కాదు. పునీతుల అవశేషాలను, వారు ధరించిన వస్త్రాలను శ్రీసభ తొలి శతాబ్దాల నుండి గౌరవించింది. ఆ గౌరవం వెంటే వ్యాపారమూ వచ్చింది. వేదసాక్షుల ఎముకలని చెప్పి ఊరూరా తిరిగి అమ్ముకునే దొంగ సన్యాసులను గురించి పునీత అగుస్తీనుగారు తన కాలంలోనే కోపంగా రాశారు. 1215లో జరిగిన నాలుగవ లాతరాను మహాసభ అవశేషాలను అమ్మకానికి పెట్టరాదని శాసించింది. 1983లో వెలువడిన శ్రీసభ చట్టం 1190వ సూత్రం కూడా పవిత్ర అవశేషాలను అమ్మడాన్ని పూర్తిగా నిషేధించింది. ఇవ్వవచ్చును, అమ్మరాదు.

గాయకుల సామానును పునీతుల అవశేషాలతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. అవశేషం మన చూపును దేవునివైపు తిప్పాలి. గిటారుకు ఆ పని లేదు. ఐనా మనిషి మనసు రెండుచోట్లా ఒకే విధంగా పనిచేస్తుంది. బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్, పీకించుకున్న తన పన్నును ఇంట్లో పనిచేసే ఆమెకు ఇచ్చాడు. అది 2011లో ఇంగ్లండులో వేలానికి వచ్చి 19,500 పౌండ్లకు పోయింది. కొన్నవాడు కెనడా దేశపు దంతవైద్యుడు! మధ్యయుగపు అవశేషాల బజారుకూ, ఈ వేలానికీ పోలిక మీకు తోచడం లేదా?

శ్రీసభ అనుభవం మీద నేర్చుకున్న పాఠం ఇది. ప్రేమవల్ల విలువ వచ్చిన వస్తువుకు ఒకసారి వెల కట్టామా, ఇక దానిని చూసిన ప్రతివారికీ వెలే ముందు కనిపిస్తుంది. 'ఇది ఎవరిది?' అనే ప్రశ్న పోయి 'ఇది ఎంతది?' అనే ప్రశ్న వస్తుంది. క్వీన్ బృందంలో గిటారు వాయించిన బ్రియన్ మే ఆ వేలానికి ముందురోజు తన బాధను బహిరంగంగానే చెప్పుకున్నాడు. ఏళ్ల తరబడి తాము పంచుకున్న రాతలు, వస్తువులు ఎక్కువ పాడినవారికి చెదిరిపోతుంటే తాను చూడలేనని, స్నేహితులకూ బంధువులకూ అది భరించరాని దుఃఖమని రాశాడు. ఆయనకు కొనే స్తోమత లేక కాదు ఆ బాధ. స్నేహితుని చేతిరాతకు అంకె తగిలించడాన్ని ఆయన చూడలేకపోయాడు.

'ఆ డబ్బు పేదలకు ఇవ్వవచ్చును కదా!'

ఇలాంటి వార్త విన్నప్పుడు మనలో చాలామంది నోట వచ్చే మాట ఇది. సరైన మాటే. ఆకలిగొన్నవారు ఉన్న లోకంలో దువ్వెనకు కోటిన్నర పెట్టడాన్ని సమర్థించవలసిన పని నాకు లేదు. కాని ఈ మాటను సువార్తలో మొట్టమొదట ఎవరు అన్నారో గుర్తు చేసుకుందాము. బెతానియలో మరియ విలువైన పరిమళ ద్రవ్యాన్ని ప్రభువు పాదాలమీద పోసినప్పుడు, దానిని 300 దెనారాలకు అమ్మి పేదలకు ఇవ్వకూడదా అని అడిగినవాడు యూదా ఇస్కారియోతు. దెనారం ఒక కూలివాని దినవేతనం. అంటే దాదాపు ఏడాది కూలి. లెక్క సరిగానే చెప్పాడు. కాని అతడు పేదలమీద ప్రేమతో ఆ మాట అనలేదని యోహానుగారు స్పష్టంగా రాశారు. ప్రభువు మరియను సమర్థించారు. ప్రేమ ఒక్కొక్కసారి లెక్క తప్పుతుంది, ఆ తప్పడం పాపం కాదు.

ఐతే ఇక్కడ మరొక సంగతి కూడా చూడాలి. మరియ ఆ సుగంధాన్ని కొని దాచుకోలేదు. పోసేసింది. బ్రతికి ఉన్న మనిషి పాదాలమీద, ఆయన బ్రతికి ఉండగానే పోసింది. ఇల్లంతా పరిమళంతో నిండింది. అక్కడ ఉన్న అందరికీ అది దక్కింది. వేలంలో కొన్నది బీరువాలోకి పోతే ఆ పరిమళం ఎవరికి?

మన పెద్దలు 'చచ్చినవాని కళ్లు చారెడు' అన్నారు. పోయిన తరువాత మనిషి గొప్పదనం పెరుగుతుంది. వేలం బజారులో ఇది అక్షరాలా నిజం. ఆ పచ్చ స్వెటర్ తొడుక్కుని పాడిన కొబేన్, ఆ కార్యక్రమం జరిగిన అయిదు నెలల లోపే, 1994 ఏప్రిల్‌లో, 27వ ఏట తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ రాత్రి ఆయన వాయించిన గిటారు 2020 జూనులో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇక మరొక పాట రాదు, మరొక స్వెటర్ రాదు, కనుకనే ధర పెరిగింది. బ్రతికి ఉండగా ఆ కుర్రవాని మనసులో ఉన్న చీకటిని ఎంత డబ్బూ తొలగించలేకపోయింది. మన ఇంట్లో, మన వీధిలో, మన గాయక బృందంలో మౌనంగా కుమిలిపోయే యువకులు ఉండవచ్చును. వారు పోయిన తరువాత వారి చొక్కాను గుండెకు హత్తుకోవడం కన్నా, ఉన్నప్పుడు పక్కన కూర్చుని 'ఏమయ్యింది నాయనా?' అని అడగడం మేలు. దానికి పైసా ఖర్చు లేదు.

పంచుకుంటే తరగనిది

ఇప్పుడు మా కుర్రవాని ప్రశ్నకు వద్దాము. ప్రేమించినవారికి దక్కక, డబ్బున్నవారికి దక్కడం అన్యాయమా?

లోకంలో రెండు రకాల మేళ్లు ఉన్నాయి. రొట్టెముక్క, ఎకరం పొలం, గిటారు మొదటి రకం. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గుతాయి. జ్ఞానం, మంచితనం, పాట రెండవ రకం. పంచుకుంటే తరగవు, పెరుగుతాయి. పునీత అగుస్తీనుగారు ఈ తేడాను ఎంతో లోతుగా ఆలోచించారు. మంచితనం అనే ఆస్తి పాలివాళ్లు వచ్చినంత మాత్రాన చిన్నదైపోదని, కలిసి అనుభవించడానికి ఇష్టపడనివానికి అది అసలు దక్కనే దక్కదని ఆయన బోధ.

ఆ కుర్రవానికి నేను చెప్పినది ఇదే. వేలంపాటలో గెలిచేది ఒక్కడు, ఓడేది తక్కినవారందరూ. పాటలో ఓడేవాడంటూ ఎవడూ లేడు. ఆ గాయకుడు లోకానికి ఇవ్వదలచినది దువ్వెన కాదు, తలుపు కాదు. పాటను ఇవ్వదలచాడు, ఇచ్చాడు. అది నీకు చేరింది. నీవు వింటే ఇంకొకరి వాటా తగ్గలేదు. నీ వేళ్లతో ఆ స్వరాలను నేర్చుకుని నీ తమ్మునికి నేర్పితే రెండింతలయింది. గిటారు కొన్నవానికి నీకంటే ఎక్కువగా దక్కినది కొయ్య మాత్రమే. అది అతనికి న్యాయంగానే దక్కింది. కాని అతనికి దక్కిన దానివల్ల నీకు దక్కినది ఒక్క పిసరు కూడా తగ్గలేదు. తగ్గిందని నీకు అనిపిస్తే, అది వేలంవెర్రి నీకూ కొద్దిగా సోకిన గుర్తు.

సంగీతకారులకే ఈ సంగతి ముందు తెలిసినట్లుంది. పింక్ ఫ్లాయిడ్ బృందానికి చెందిన డేవిడ్ గిల్మర్ 2019లో తన గిటార్లు 120కి పైగా తానే వేలానికి ఇచ్చేశాడు. వచ్చిన 2 కోట్ల 15 లక్షల డాలర్లను పర్యావరణం కోసం న్యాయపోరాటం చేసే ఒక సంస్థకు దానం చేశాడు. వాటిలో ఒక్క నల్ల గిటారే 39,75,000 డాలర్లు పలికింది. వాటిని వాయించినవాడు వదులుకోగలిగాడు. వినేవారే వదులుకోలేకపోతున్నారు!

ఐతే కొన్నవానికి బాధ్యత లేదా? ఉంది. ఆస్తిని సంపాదించే, నిర్వహించే హక్కు మనిషికి ఉందని, కాని దాని వాడకం విషయంలో అది అందరిదీ అన్నట్లు ఉండాలని, అవసరంలో ఉన్నవారితో పంచుకోవాలని అక్వినాసు తోమాసుగారు బోధించారు. కొబేన్ గిటారును కొన్న ఆస్ట్రేలియా వ్యాపారి దానిని బీరువాలో పెట్టి తాళం వేయలేదు. జనానికి చూపిస్తానన్నాడు. 2025లో లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ మ్యూజియంలో ఆ గిటారునూ, ఆ స్వెటర్‌నూ ఒకచోట ప్రదర్శించారు. సంగీతం నేర్చుకునే పిల్లలు నడిచే చోట అవి నిలిచాయి. ధనవంతుడు అపురూపమైన వస్తువును కొన్నప్పుడు సమాజం అతన్ని అడగవలసిన మొదటి ప్రశ్న 'ఎంత పెట్టావు?' అన్నది కాదు, 'ఎవరికి చూపిస్తావు?' అన్నది.

మన ఇళ్లలో

ఇది లండను సంగతి, మనకెందుకు అనుకోవద్దు. అభిమాన నటుని సినిమాకు మొదటి టికెట్టును వేలంలో పాడుకున్న యువకుల వార్తలు మన పత్రికలలోనూ వస్తున్నాయి. చేతిలోని ఫోనులోనే ఇప్పుడు వేలంపాట జరుగుతోంది. ఒక్క వేలు తాకితే చాలు, పాట పెరుగుతుంది. ఎదుటివాని ముఖం కనిపించదు, అమ్మానాన్నల ముఖం గుర్తుకు రాదు. 'నాకంటే పెద్ద అభిమాని ఎవడు?' అనే పంతంలో అప్పు పుడుతుంది. తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఒక గాయకుని, ఒక ఆటగాణ్ణి ప్రేమిస్తే కసురుకోకండి. ప్రేమించగలగడం మంచిదే. ఆ గాయకుని పాటను ఒకసారి వారితో కలిసి వినండి. ఆ పాటలో నీకు నచ్చినదేమిటి అని అడగండి. వారి ప్రేమను గౌరవించిన తరువాతనే, ప్రేమకు రసీదు అక్కరలేదని చెబితే వారు వింటారు.

ఇంట్లో పెద్దల వస్తువులు ఉంటాయి. తాతగారి చేతికర్ర, నాయనమ్మ పాటల పుస్తకం, ఆమె చేతిరాతతో ఉన్న వంటల చీటీ. వాటిని పంచుకునే రోజు వచ్చినప్పుడు ధర మాట ఎత్తకండి. ఎవరికి ఏది ఇచ్చినా, దానితోపాటు దాని కథను కూడా చెప్పి ఇవ్వండి. కథ లేకుండా చేతులు మారిన వస్తువు పాతసామాను. కథతో చేతులు మారిన వస్తువు వారసత్వం.

చివరగా ఆ తలుపు సంగతి. అభిమానుల ప్రేమకే వెల కట్టి అమ్మినట్టు కాదా అని మొదట అడిగాను. కాదని ఇప్పుడు నాకు అనిపిస్తున్నది. ఎక్కడెక్కడి నుండో వచ్చి, ఆ తలుపుమీద నాలుగు మాటలు రాసి వెళ్లినవారు ఆ తలుపును కోరలేదు. రాశారు, కాసేపు నిలబడ్డారు, తిరిగి రైలెక్కారు. ఇవ్వవలసినది ఇచ్చేశారు. ఇచ్చేసిన దానిని ఎవరూ ఎత్తుకుపోలేరు. 2023లో చేతులు మారినది చెక్క, రంగు, సిరా. ఆ వేలం హాలులో ఒక్క రూపాయి కూడా పాడకుండానే ఆ తలుపు ఎదుట పాడవలసిన పాటను వారు ఏనాడో పాడి వెళ్లారు.